విస్తళ్ళు ఎవరెత్తాలి?

పిల్లలూ! ఒక సెకను అంటే ఎంత కాలమో చెప్పండి చూద్దాం. "ఒకటి" అని నోటితో అనేటంత అంటారు మీరు. సరే, ఆ సెకనును 60 సమానభాగాలు చెయ్యండి. ఒక్కొక్క భాగం సుమారు 16.7 మిల్లీసెకన్లు, అనగా సెకనులో వెయ్యోవంతులు పదహారున్నర పైచిలుకు. మీరు రెప్ప వేసి తెరిచేలోగా ఇటువంటి భాగాలు అరడజనైనా గడిచిపోతాయి. ఇంత చిన్న కాలంతో మనకేం పని అంటారా? మీరు ఫోనులోనూ, కంప్యూటరులోనూ ఆడే ఆటలన్నీ ఈ చిన్నకాలంలోనే బతుకుతున్నాయి.

సినిమా సంగతి మీకు తెలుసు. తెరమీద సెకనుకు 24 బొమ్మలు ఒకదానివెనక ఒకటి పడతాయి. మన కన్ను వాటిని కలిపేసుకుని కదలిక అనుకుంటుంది. కంప్యూటరు ఆటలోనూ ఇదే తమాషా. కాని ఒక పెద్ద తేడా ఉన్నది. సినిమా బొమ్మలన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఆటలో తరువాతి బొమ్మ ఏమిటో ఎవరికీ తెలియదు. మీ వేలు ఎటు కదులుతుందో ఎవరికి తెలుసు గనక? మీరు నొక్కినది చూసుకుని, రాయి ఎక్కడ పడ్డదో, పిట్ట ఎటు ఎగిరిందో లెక్కవేసుకుని, బొమ్మ గీసి తెరకెక్కించి, ఇదంతా 16.7 మిల్లీసెకన్లలో ముగించి, యంత్రం మళ్ళీ మొదటికి రావాలి. సెకనుకు 60 సార్లు. గడువు తప్పితే పాతబొమ్మే తెరమీద మరికాసేపు నిలిచిపోతుంది. దాన్నే మీరు "లాగ్ అవుతోంది" అని విసుక్కుంటారు.

ఈ గడువును ఎవరు ఖర్చు పెడతారు? ఆట రాసినవాడు ఒక్కడేనా? పూర్వం అతడొక్కడే. ఇప్పుడు అతనితోపాటు ఇంకా ఇద్దరు పంచుకుంటున్నారు. ఆ ఇద్దరి కథే మీకు చెప్పబోతున్నాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పి, ఆఖరున హెడ్మాస్టరుగా రిటైరయాను. కంప్యూటరు నా వృత్తి కాదు. ఐతే మా అబ్బాయి హైదరాబాదులో ప్రోగ్రాములు రాస్తాడు. తొమ్మిదో తరగతి చదివే మా మనుమడు ఆటలు రాస్తాడు. సెలవుల్లో వాళ్ళిద్దరూ వాదించుకుంటూంటే మధ్యన కూర్చుని విన్నవి కొన్ని, ఆ తరువాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నవి కొన్ని.

1977లో అమెరికాలో అటారి 2600 అనే ఆటల పెట్టె అమ్మకానికి వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఇంగ్లీషులో 128 అక్షరాలు రాసుకునేందుకు పట్టే చోటు, అంతే! మీ ఇంటి ఫోనులో ఒక్క ఫొటోకు దీనికి ఎన్నో వేల రెట్లు చోటు కావాలి. ఆ పెట్టెలో ఆపరేటింగ్ సిస్టం కూడా లేదు. ఆట రాసినవాడే సర్వాధికారి. తెరమీద గీత పడే క్షణాన్ని కూడా అతడే లెక్కపెట్టుకునేవాడు.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటి? కాలువ కింద వ్యవసాయం చేసేవారి పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. కాలువమీద రైతు ఒక్కడే ఉంటే తూము తానే ఎత్తుకుంటాడు, తానే దించుకుంటాడు, అడిగేవాడు లేడు. వందమంది రైతులయితే అలా కుదరదు. అందుకని లస్కరు ఉంటాడు. ఎవరికి ఎప్పుడు, ఎంత నీరు వదలాలో అతడు చూస్తాడు. తూముమీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. కంప్యూటరులో తెర, స్పీకరు, జ్ఞాపకశక్తి, లెక్కలు వేసే చిప్పు, ఇవన్నీ నీళ్ళయితే, మీరు తెరిచి పెట్టుకున్న ప్రోగ్రాములు రైతులు. లస్కరు ఆపరేటింగ్ సిస్టం.

1980లలో ఇళ్ళకు వచ్చిన కంప్యూటర్లలో డాస్ అనే లస్కరు ఉండేవాడు. పాపం బహు మెత్తనివాడు. ఆట మొదలుకాగానే తాళంచెవులు ఇచ్చేసి గట్టున కూర్చునేవాడు. ఆట తిన్నగా తెరమీదికీ, స్పీకరు మీదికీ పోయి తన ఇష్టం వచ్చినట్టు చేసుకునేది. 1993లో వచ్చిన డూమ్ అనే ప్రసిద్ధమైన ఆట ఇటువంటిదే. దీనివల్ల వేగం బాగా ఉండేది. కాని కష్టం కూడా ఉండేది. ఒకరి ఇంట్లో ఒక రకం శబ్దపు కార్డు, మరొకరి ఇంట్లో మరో రకం. ఒక్కొక్కదానికీ ఆట రాసినవాడే వేరువేరుగా రాసుకోవాలి. ఆడేవాడి తిప్పలు ఇంకా చిత్రం: ఆట మొదలు పెట్టే ముందు "మీ శబ్దపు కార్డు ఏ కంపెనీది? దాని చిరునామా అంకె ఎంత?" అని తెరమీద ప్రశ్నలు వచ్చేవి. జవాబు తప్పితే ఆట మూగదైపోయేది. పదేళ్ళ పిల్లవాడు ఆ అంకె ఎక్కడినుంచి తెస్తాడు?

అందుచేత గట్టి లస్కరు కావలసి వచ్చింది. 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. ఇక తూముమీద ఆట చెయ్యి వెయ్యరాదు. శబ్దం కావాలంటే లస్కరును అడగాలి. అతడు కార్డు కంపెనీవారు రాసి ఇచ్చిన డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాముద్వారా పని చేయిస్తాడు. ఆటలు రాసేవారు మొదట దీన్ని ఇష్టపడలేదు. "అడిగి, ఆగి, తీసుకునేసరికి మా గడువు కాస్తా అయిపోతుంది" అన్నారు. వారి అనుమానానికి కారణం లేకపోలేదు. అంతకుముందు సంవత్సరమే ఒక పెద్ద తగాదా జరిగింది. మైక్రోసాఫ్టువారు విండోస్‌లో బొమ్మలు త్వరగా గీసేందుకు విన్‌జి అనే ఏర్పాటు చేశారు. "లయన్ కింగ్" సినిమాను ఆధారం చేసుకుని వచ్చిన బొమ్మల కథ ఒకటి దానిమీద తయారై, 1994 క్రిస్మసుకు అమెరికాలో ఎన్నో ఇళ్ళకు చేరింది. పండుగనాడు పిల్లలు ఆశగా డబ్బా విప్పి నడపబోతే, చాలా యంత్రాలలో అది నడవకుండా ఆగిపోయింది. ఆ యంత్రాల తెర డ్రైవర్లకూ, ఈ కొత్త ఏర్పాటుకూ పొసగలేదు. పండుగనాడు ఆ ఇళ్ళలో ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ దెబ్బతో మైక్రోసాఫ్టులో కొందరు పట్టుపట్టి డైరెక్టెక్స్ అనే కొత్త ఏర్పాటు చేశారు. అది 1995లోనే వచ్చింది. లస్కరు ఉంటాడు, కాని ఆటలకు మాత్రం అడ్డదారిన, త్వరగా నీరు వదులుతాడు. అది పనిచేస్తుందని నమ్మించటానికి డూమ్ ఆటనే విండోస్ 95 మీద నడిపి చూపించారు. తరువాత రెండు మూడేళ్ళలో శబ్దపు కార్డు ప్రశ్నలు మాయమయాయి. ఇప్పటి పిల్లలకు అటువంటి ప్రశ్న ఒకటి ఉండేదని కూడా తెలియదు.

మొదటి భాగస్తుడి సంగతి ఇదీ. ఇక రెండో ఆయన దగ్గరికి వద్దాం. ఈయనే నాకు ఎక్కువ ఇష్టం. ఈయన విస్తళ్ళు ఎత్తేవాడు.

పెళ్ళి భోజనాలు జ్ఞాపకం తెచ్చుకోండి. బంతి కూర్చున్నది, విస్తళ్ళు వేశారు, వడ్డించారు, తిన్నారు. ఎంగిలి విస్తళ్ళు ఎత్తితేగాని రెండో బంతికి చోటుండదు. కంప్యూటరులో ప్రోగ్రాము కూడా ఇలాగే జ్ఞాపకశక్తిలో చోటు తీసుకుంటుంది, వాడుకుంటుంది, తరువాత వదలాలి. సి, సి ప్లస్ ప్లస్ వంటి భాషలలో వేసిన ప్రతి విస్తరినీ రాసేవాడే జ్ఞాపకం పెట్టుకుని ఎత్తాలి. దీనిలో రెండు ప్రమాదాలున్నాయి. ఎత్తటం మరచిపోతే చోటు కొంచెం కొంచెంగా నిండిపోయి, కొంతసేపటికి బంతి వెయ్యటానికే స్థలం లేక యంత్రం చతికిలబడుతుంది. ఇంకొకటి మరీ ఘోరం: తింటున్నవాడి విస్తరిని లాగేయటం! ఆ చోట మరొకరికి విస్తరి వేసేశారనుకోండి, ఒకడి పులుసు ఇంకొకడి పాయసంలో పడుతుంది. ప్రోగ్రాములో అటువంటి తప్పు ఎక్కడ జరిగిందో వెతకటానికి అనుభవజ్ఞులకు కూడా రోజులు పడుతుంది.

1959 ప్రాంతంలో జాన్ మెకార్థీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు లిస్ప్ అనే భాషను తయారు చేస్తూ, ఈ పనికి వేరే మనిషిని పెడితే పోలేదా అనుకున్నాడు. మనిషి అంటే మనిషి కాడు, ప్రోగ్రామే. అది అప్పుడప్పుడు వచ్చి, ఎవరు ఇంకా తింటున్నారో ఒక చివరినుంచి చూసుకుంటూ పోతుంది. ఎవరి చెయ్యీ పడని విస్తళ్ళన్నీ ఎత్తేస్తుంది. రాసేవాడు ఆ సంగతే మరచిపోవచ్చు. 1995లో వచ్చిన జావా, 2002లో డాట్‌నెట్‌తోపాటు వచ్చిన సి షార్ప్ ఇటువంటి భాషలే. వీటికి "మేనేజ్డ్" భాషలని పేరు. పెళ్ళివారి తరఫున అన్నీ చూసుకునే పెద్దమనిషి ఒకడున్న భాషలన్నమాట. ఆయన విస్తళ్ళెత్తి ఊరుకోడు. పది కుర్చీలున్న గదిలో పదకొండో కుర్చీమీద కూర్చోబోతే చెయ్యి పట్టి ఆపుతాడు. సి భాషలో ఐతే ఆపేవాడు లేక పక్కవాడి ఒళ్ళో కూర్చుంటాం!

ఇంత సుఖం ఉన్నప్పుడు ఆటలు రాసేవారు ఎందుకు సందేహించారు? విస్తళ్ళు ఎత్తేటప్పుడు వడ్డన ఆగాలి గనక. అందరూ కదలకుండా ఉంటేనే ఎవరు తింటున్నారో ఆయన సరిగా చూడగలడు. జీతాల లెక్క వేసే ప్రోగ్రాము 50 మిల్లీసెకన్లు ఆగితే ఎవరికీ తెలియదు. ఆట 50 మిల్లీసెకన్లు ఆగితే మూడు బొమ్మలు ఎగిరిపోతాయి. అదే సమయానికి గోతిమీదనుంచి దూకుతున్నారా, గోతిలో పడ్డారన్నమాటే.

ఐనా ఆ భాషలలో ఆటలు వచ్చాయి, బ్రహ్మాండంగా వచ్చాయి. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ 2009లో జావాలో ఒక్కడే రాయటం మొదలు పెట్టిన మైన్‌క్రాఫ్ట్ మీలో చాలామంది ఆడే ఉంటారు. 2023 నాటికి అది 30 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. 2014లో మైక్రోసాఫ్టువారు ఆ ఆటనూ, దాని కంపెనీనీ 250 కోట్ల డాలర్లకు కొన్నారు. అప్పుడు మైక్రోసాఫ్టుకు అధిపతి ఎవరనుకున్నారు? ఆ సంవత్సరమే ఆ పదవికి వచ్చిన మన సత్య నాదెళ్ళగారు. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదువుకున్నవారు. ఐతే చిన్న చిన్న ఫోన్లకోసం మైన్‌క్రాఫ్టును మళ్ళీ మొదటినుంచి సి ప్లస్ ప్లస్‌లో రాయవలసి వచ్చిందని మరవకండి. పెద్దమనిషిని పోషించే శక్తి అన్ని యంత్రాలకూ ఉండదు.

2006 చివర మైక్రోసాఫ్టువారే ఎక్స్‌ఎన్‌ఎ అనే సామగ్రి ఇచ్చి, ఇంట్లో కూర్చున్న కుర్రవాడు సైతం సి షార్ప్‌లో రాసి, ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల పెట్టెమీద నడుపుకునే వీలు కల్పించారు. అంతకు పూర్వం అటువంటి పెట్టెలకు రాయాలంటే పెద్ద కంపెనీవాడై ఉండాలి. కాని ఆ పెట్టెలో విస్తళ్ళెత్తే ఆయనకు ఒక చాదస్తం ఉండేది: కొత్త వస్తువులు ఒక మెగాబైటు తయారైనప్పుడల్లా వచ్చిపడేవాడు, వచ్చాడంటే ఇల్లంతా ఈ మూలనుంచి ఆ మూలదాకా చూసిగాని పోయేవాడు కాడు. ఆ పెట్టెకు ఆటలు రాసిన కుర్రవాళ్ళు ఆయన కంట పడకుండా బతకటం ఎల్లాగో నేర్చుకున్నారు. ఎరిక్ బరోన్ అనే అమెరికా యువకుడు నాలుగేళ్ళకు పైగా ఒంటరిగా కూర్చుని, బొమ్మలూ సంగీతమూ కూడా తానే చేసుకుని, 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు ఆట విడుదల చేశాడు. అది ఎక్స్‌ఎన్‌ఎతో రాసినదే. తమాషా చూడండి, ఆట బయటికి వచ్చేనాటికే మైక్రోసాఫ్టువారు ఎక్స్‌ఎన్‌ఎను వదిలేశారు! దాన్ని అభిమానించేవారు మోనోగేమ్ పేరుతో అటువంటిదే మరొకటి నిలబెట్టారు గనక సరిపోయింది. 2021లో ఆ ఆట దానిమీదికి మారింది.

ఇంతవరకూ విన్నది పై దేశాల సంగతి. ఇక మా ఇంటికి రండి.

మా మనుమడు పోయిన వేసవిలో "మంచె" అని ఒక ఆట రాశాడు. జొన్నచేలో మంచెమీద పిల్లవాడు వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలను తోలాలి. యూనిటీ అనే సామగ్రితో, సి షార్ప్‌లో రాశాడు. యూనిటీ లోపలిభాగం సి ప్లస్ ప్లస్; పైన మనం రాసుకునేది సి షార్ప్. వాళ్ళ నాన్న లాప్‌టాప్‌మీద ఆట జలపాతంలా పోయింది. వీడు మురిసిపోయి పక్కింటి అమ్మాయికి పంపాడు. ఎనిమిదో తరగతి. ఫోను ఆమెది కాదు, వాళ్ళమ్మది. ఆవిడ మిషను కుట్టి సంసారం నెట్టుకొస్తున్నది. ఆ ఫోను జ్ఞాపకశక్తి 2 గిగాబైట్లు. ఈ రోజుల్లో అది చాలా తక్కువ.

మర్నాడు ఆ పిల్ల వచ్చి, "ఆట బాగుంది గాని, కొంతసేపటికొకసారి పిట్టలన్నీ గాలిలో ఆగిపోతున్నాయి. అప్పుడు నేను నొక్కినా రాయి పడటం లేదు," అన్నది.

"నీ ఫోను పాతది. కొత్తది కొనుక్కుంటే సరిపోతుంది," అన్నాడు మావాడు.

ఆ పిల్ల మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నాకు మనసు చివుక్కుమన్నది. నలభైమంది ఉన్న క్లాసులో మొదటి బెంచీకి అర్థమైతే చాలుననుకునే పంతులును నేను చాలామందిని చూశాను.

"ఒరే, నీ ఆటలో విస్తళ్ళు ఎన్ని వేస్తున్నావో లెక్కపెట్టావా?" అని అడిగాను.

"లెక్కెందుకు తాతయ్యా? అది దానంతటదే ఎత్తేసుకుంటుందిగా!"

"ఎత్తేటప్పుడు వడ్డన ఆగుతుందని నీకూ, మీ నాన్నకూ పోయిన సెలవుల్లో వాదన జరిగింది. నేను విన్నాను."

వాడు కాసేపు మూతి ముడుచుకున్నాడుగాని, సాయంత్రానికి లెక్క మొదలు పెట్టాడు. ప్రొఫైలర్ అని ఒక పనిముట్టు ఉన్నది. ఏ నిమిషంలో ఎంత చోటు ఖర్చయిందీ అది గీతలు గీసి చూపిస్తుంది. చూస్తే ఏముంది? రాయి విసిరినప్పుడల్లా ఒక కొత్త రాయి తయారవుతున్నది. నేల తాకగానే దాన్ని పారేస్తున్నాడు. అది కొంత నయం. తెర మూలన "మార్కులు: 12" అని రాసే మాట ఉన్నదే, దాన్ని ప్రతి బొమ్మకూ కొత్తగా తయారు చేస్తున్నాడు! సెకనుకు 60 సార్లు, నిమిషానికి 3,600 సార్లు. మేము పరీక్షగా ఆడిన నిమిషంలో మార్కులు మారినది 23 సార్లు. అంటే 3,577 విస్తళ్ళు ఎవరూ ముట్టకుండానే ఎంగిలైపోయాయి. లాప్‌టాప్ బలమైనది గనక, ఆ చెత్త ఎత్తటానికి దానికి క్షణం పట్టలేదు, వాడికి తెలియనేలేదు. ఆ పిల్ల ఫోనుకు తెలిసింది.

పెద్దలు కూడా ఇది చదువుతున్నారనుకుంటాను. పిల్లలు ఆటలతో పాడైపోతున్నారని మీరు అంటారు, నిజమే కావచ్చు. కాని ఆ పూట మావాడు చేసిన భాగహారాలూ, గుణకారాలూ నేను చెప్పి చేయించాలంటే వారం పట్టేది.

దిద్దుబాటు పెద్ద కష్టం కాలేదు. మార్కులు మారితేనే మాట కొత్తగా రాయటం ఒకటి. రెండోది రాళ్ళ సంగతి. విస్తళ్ళకు బదులు స్టీలు కంచాలు పెడితే ఏమవుతుంది? తిన్నాక కడిగి మళ్ళీ వేస్తాం. ఎత్తి పారేసేది లేదు. అలాగే ఆట మొదట్లోనే 12 రాళ్ళు తయారు చేసి ఒక పెట్టెలో ఉంచాడు. విసిరినప్పుడు పెట్టెలోనుంచి ఒకటి తీయటం, నేల తాకగానే తిరిగి పెట్టెలో పడెయ్యటం. ఆటలు రాసేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఉపాయమే ఇది. అన్నట్టు, యూనిటీవారు కూడా 2019లో ఒక కొత్త పద్ధతి తెచ్చారు. అంతకుముందు పెద్దమనిషి విస్తళ్ళన్నీ ఒకేసారి ఎత్తేవాడు. ఈ కొత్త పద్ధతిలో వడ్డనకూ వడ్డనకూ మధ్య కాసిని కాసిని ఎత్తుకుపోతాడు. పని తగ్గదు; ఒకేచోట కుప్పపడకుండా ఉంటుంది, అంతే.

మావాడు తానే పోయి కొత్త ఆటను ఆ ఫోనులో పెట్టి వచ్చాడు. పిట్టలు ఆగటం పోయింది. మొదటి రాయి విసిరినప్పుడు మాత్రం ఒకసారి ఉలిక్కిపడుతుంది. వడిసెల చప్పుడును అప్పటికప్పుడు లోపలినుంచి తీసుకోవటంవల్ల ఆ జాప్యం. అది ఇంకా బాగుచెయ్యలేదు.

కాని ఆ పిల్ల మరో ఫిర్యాదు తెచ్చింది. ఆట మధ్యలో వాళ్ళమ్మకు జాకెట్టు సంగతి అడుగుతూ ఎవరో ఫోను చేశారట. మాట్లాడటం అయి, ఆవిడ ఎవరికో రెండు ఫొటోలు కూడా పంపి, తిరిగి ఆటకు వచ్చేసరికి మార్కులన్నీ సున్నా! ఇది విస్తళ్ళవాడి పని కాదు, లస్కరు పని. ఫోనులోని ఆపరేటింగ్ సిస్టం చాలా కఠినుడు. ఫోను వస్తే ఆటను వెనక్కు నెడతాడు. చోటు చాలకపోతే, వెనక ఉన్న ఆటను నిర్దాక్షిణ్యంగా మూసేస్తాడు. తక్కువ చోటు ఉన్న ఫోనులో ఇది తరచు జరుగుతుంది. ఐతే వెనక్కు నెట్టేటప్పుడు ఒక్కసారి చెప్పి మరీ నెడతాడు. ఆ మాట వినపడగానే మార్కులూ, పిట్టల స్థానాలూ రాసిపెట్టుకోవటం ఆట రాసినవాడి బాధ్యత. మావాడు అది కూడా చేర్చాడు. డాస్ కాలంలో ఆటకు ఈ బెడద లేదు. ఐతే అప్పుడు ఆటాడుతూండగా జాకెట్టు బేరాలు కూడా కుదరవు!

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా అన్నది. "నిజం పిట్టలు రాయి పడితే లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలతాయి. మీ పిట్టలు పోయినవి పోయినట్టే పోతున్నాయి," అని. ఆ పిల్ల చిన్నప్పుడు వాళ్ళ తాతతో మంచె ఎక్కినదట. మావాడు మంచెను సినిమాలో చూశాడు. పిట్టల నడవడి అంతా మళ్ళీ రాయటానికి వాడికి నాలుగు రోజులు పట్టింది.

ఇక లస్కరు మారినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. యంత్రాలు 32 బిట్లనుంచి 64 బిట్లకు పెరిగాయి. 2017లో ఐఫోన్ల ఆపరేటింగ్ సిస్టం, 2019లో అదే కంపెనీవారి కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టం 32 బిట్ల ప్రోగ్రాములను నడపటం మానేశాయి. రాసినవాడు ఉండి, ఓపిక చేసుకుని తిరిగి తయారు చేసిన ఆటలు బతికాయి. తక్కినవి ఆ యంత్రాలలో తెరుచుకోవు. మేనేజ్డ్ భాషలకు ఇక్కడ కొంత లాభం ఉన్నది. జావాలో రాసినది చిప్పు సొంత భాషలోకి ముందే మారిపోదు. మధ్యరకం భాషలో ఉంటుంది. కొత్త యంత్రంమీద కొత్త పెద్దమనిషిని కూర్చోబెడితే, పాత ప్రోగ్రామును ఆయన చదివి నడిపిస్తాడు. కాని ఆ పెద్దమనిషే ఉద్యోగం మానేస్తే? ఎక్స్‌ఎన్‌ఎ కథ విన్నారుగా.

1998లో మా ఊరినుంచి వెళ్ళి పైకి వచ్చిన ఒక పెద్దమనిషి మా పాఠశాలకు పాత కంప్యూటరు ఒకటి దానం చేశారు. అందులో డాస్, క్యూబేసిక్ అనే భాష ఉండేవి. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు, ఇద్దరు అబ్బాయిలూ ఇద్దరు అమ్మాయిలూ, దానిమీద ఎక్కాల ఆట రాశారు. "17 × 6 =" అని తెర పైనుంచి ప్రశ్న ఒక్కొక్క వరసా దిగుతూ వస్తుంది. నేల తాకేలోపల జవాబు కొట్టాలి. ప్రశ్న మెల్లిగా దిగటానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, వరసకూ వరసకూ మధ్య కంప్యూటరుచేత ఒకటినుంచి అయిదు వేలదాకా ఊరికే అంకెలు లెక్కపెట్టించటం. అది లెక్కపెట్టేలోగా పిల్లలు ఆలోచించుకునేవారు. మూడేళ్ళు ఆ ఆట మా పాఠశాలను ఏలింది.

తరువాత కొత్త యంత్రాలు వచ్చాయి. వాటిలో ఆ ఆట పెడితే ప్రశ్న కంటికి కనపడకముందే నేల తాకేది. కొత్త చిప్పుకు అయిదు వేలు లెక్కపెట్టటం ఒక లెక్కా? ఇద్దరు పిల్లలు కూర్చుని, అంకెలు లెక్కపెట్టటం తీసేసి, యంత్రంలోని గడియారాన్ని అడిగి దిగేలా మార్చారు. మరి కొన్నేళ్ళకు ఇంకా కొత్తవి వచ్చాయి. వాటి ఆపరేటింగ్ సిస్టం 64 బిట్లది. డాస్ నాటి 16 బిట్ల ప్రోగ్రామును ముట్టుకోనే ముట్టుకోదు. ఆట తెరుచుకోలేదు. పిల్లలూ పెద్దవాళ్ళై తలో దిక్కుకూ పోయారు.

2002నుంచి డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. కొత్త యంత్రంలోపల పాత డాస్ యంత్రం ఉన్నట్టు అది నటిస్తుంది. ఎంత నెమ్మదిగా నటించాలో కూడా మనం చెప్పవచ్చు. ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఇప్పుడు విజయవాడలో ఉంటున్నది. ఆట మొదటి కూర్పును, అనగా అయిదు వేలు లెక్కపెట్టేదాన్ని, ఆమె సీడీలో దాచి ఉంచింది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఎదుటనే లాప్‌టాప్‌లో డాస్‌బాక్స్ తెరిచి, వేగం తగ్గించి, తగ్గించి, ప్రశ్న పూర్వంలాగా దిగేదాకా సరిచేసింది. ఆమె కూతురు అయిదో తరగతి చదువుతున్నది. కూర్చుని ఆడింది. పదిహేనో ఎక్కందాకా బాగానే వచ్చి, 17 × 8 దగ్గర ఓడిపోయింది.